నెత్తురు ఆగిపోయాక కూడా కొలనోస్కోపీ ఎందుకు?

మీ వారికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) వచ్చి తొమ్మిదేళ్లయిందని, రెండేళ్లుగా నెత్తురు పడటం లేదని, అయినా డాక్టరు కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోమంటున్నారని, అది అవసరమా అని అడిగారు. అవసరమేనమ్మా, ఏళ్ల తరబడి ఉండే వాపు పెద్దపేగు క్యాన్సర్‌కు దారితీయవచ్చు, దాన్ని ముందే పట్టుకోవడానికే ఈ పరీక్ష. నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జీవరసాయన శాస్త్రం చెబుతాను. పదమూడేళ్లుగా ఈ జబ్బు నాకూ ఉంది.

అయిదో ఏట ఒంట్లో కులాసాగా ఉందని, ఎవరికీ చెప్పకుండా, పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు మానేశాను. అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లివచ్చాను, జబ్బు పోయిందనే నమ్మాను. ఎనిమిదేళ్లు నిండాక డాక్టరు పట్టుబట్టి పరీక్ష చేస్తే, ఎడమవైపు పేగు పొర జానెడు మేర ఎర్రగా ఉబ్బి కనిపించింది. నొప్పి లేనంత మాత్రాన లోపల మంట చల్లారినట్టు కాదని నాకు ఆరోజే తెలిసింది.

పేగు గోడలో చేరిన రక్షణ కణాలు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్లను వదులుతాయి. అవి పొరలోని కణాలను తాకినప్పుడు ఎన్‌ఎఫ్-కప్పా-బి, స్టాట్3 అనే మరో రెండు ప్రోటీన్లు కణకేంద్రకంలోకి చేరి, చావకుండా విభజన చెందమని కణాన్ని పురికొల్పుతాయి. పుండు మానడానికి ఈ ఏర్పాటు కావలసిందే, కానీ కొలైటిస్‌లో అది ఏళ్ల తరబడి ఆగదు. ఎలుకల పేగు పొర కణాల్లో ఎన్‌ఎఫ్-కప్పా-బిని మేల్కొలిపే ఎంజైమును తీసేస్తే, వాపు తగ్గకపోయినా కణితులు దాదాపు 80 శాతం తగ్గాయని 2004లో ఒక ప్రయోగం చూపింది. ఏటా మా పిల్లలకు ఈ ప్రయోగం చెప్పేటప్పుడు నాకు నా పేగే గుర్తుకొస్తుంది.

అదే సమయంలో వాపు వల్ల పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. అలా దెబ్బతిన్న కణాన్ని నిలిపివేయవలసిన ప్రోటీను పి53. మామూలు పెద్దపేగు క్యాన్సర్‌లో చాలావరకు ముందు కణాల పెరుగుదలను అదుపులో ఉంచే ఏపీసీ జన్యువు చెడి, పాలిప్ అనే చిన్న గడ్డ పెరిగి, పి53 చివరి దశల్లో దెబ్బతింటుంది. కొలైటిస్‌లో తరచుగా పి53 మొదట్లోనే చెడుతుంది, ఏపీసీ వంతు తర్వాత వస్తుంది. అందుకే గడ్డలాగా పైకి లేవకుండా, చదునుగా ఉన్న పొరలోనే మార్పు దాగి ఉండవచ్చు. రంగు చల్లి చూడటం, ప్రతి పది సెంటీమీటర్లకు నాలుగు చోట్ల ముక్కలు తీయడం వంటి పద్ధతులు వచ్చింది ఈ కారణంగానే.

నా ముక్కలను చిన్న చిన్న ఫార్మలిన్ సీసాల్లో వేసి, పేగులో ఏ భాగానివో ఒక్కొక్కదాని మీద రాశారు. ఒకదానిలో, క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పు అయిన డిస్‌ప్లేసియా ఉందో లేదో తేల్చలేకపోయామని రిపోర్టు వచ్చిన తర్వాతి పది రోజులు నాకు నిద్ర లేదు. పి53కి రంగు వేసి మళ్లీ చూశారు. చెడిన పి53 సాధారణంగా విచ్ఛిన్నం కాకుండా కేంద్రకాల్లో పేరుకుని ముదురు గోధుమ రంగులో కనిపిస్తుంది. నా స్లైడులో గ్రంథుల అడుగున అక్కడక్కడ లేత చుక్కలు మాత్రమే ఉన్నాయని, అది మానుతున్న పుండు లక్షణమని పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో చూపించారు.

భయపెట్టడానికి ఇదంతా రాయడం లేదు. అనేక అధ్యయనాలను కలిపి 2001లో వేసిన లెక్క ప్రకారం క్యాన్సర్ ముప్పు జబ్బు వచ్చిన పదేళ్లకు 2 శాతం, ఇరవై ఏళ్లకు 8, ముప్పై ఏళ్లకు 18. ఆ తర్వాతి అధ్యయనాల్లో చాలావరకు ఇంతకంటే తక్కువే వచ్చింది. జబ్బు పేగు చివరన ఉండే పురీషనాళం వరకే ఉంటే ఈ పరీక్షలు సాధారణంగా అక్కరలేదు. కాలేయపు పిత్తనాళాలు బిగుసుకుపోయే జబ్బు కూడా ఉంటే మాత్రం మిగతావారిలా ఎనిమిదేళ్ల దాకా ఆగకూడదు, ఏటేటా చూపించుకోవాలి. కాబట్టి మీ వారికి వాపు ఎంత దూరం ఉందో పాత రిపోర్టులు తీసి చూడండి, ఆ రిపోర్టులు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి, మీ వారు మాత్రలు వేసుకుంటున్నారో లేదో దయచేసి ఈ రాత్రే అడగండి.