కనజావా మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

జపాన్‌లో కనజావా ఊళ్ళోని పాత విందు ఇళ్ళ వీధి, హిగాషి చాయా మీద నువ్వు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. నీకు భాష ఉంది. వాక్యం ఎక్కడా తడబడకుండా నడిచింది. అసానో నది దగ్గర బస్సు దిగి వంతెన దాటిన ఘట్టం చదువుతుంటే నాకూ ఆ చలి తగిలింది. అంత బాగా రాసే పిల్లవి కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. నాకు అసంతృప్తి ఒక్క విషయంలోనే, కానీ వ్యాసం మొత్తం దాని మీదే నిలబడుతుంది. ఆ రోజంతా నువ్వు వీధిలోనే ఉన్నావు. ఇళ్ళు ఎంత అందంగా ఉన్నాయో రాశావు. వాటిని ఏ పని కోసం అలా కట్టారో మాత్రం రాయలేదు. ముందు ఈ రెండోది తెలుసుకుంటే, మొదటిది నువ్వు రాసే తీరే మారిపోతుంది.

నీ వ్యాసంలో 'అందమైన చెక్క జాలీలు' అన్న మాట పదేపదే వచ్చింది. అక్కడే మొదలుపెడదాం. ఆ జాలీని అక్కడివాళ్ళు కిముసుకో అంటారు. సన్నటి చెక్క బద్దలు నిలువుగా, వేలు దూరడం కష్టమన్నంత దగ్గరగా బిగించి ఉంటాయి. ఒక్కో బద్ద వీధి వైపు వెడల్పుగా, గది వైపు సన్నగా చెక్కి ఉంటుంది. దానివల్ల వీధిలో నడిచేవాళ్ళకు లోపల ఏమీ సరిగ్గా కనపడదు. లోపల కూర్చున్నవాళ్ళకు మాత్రం వీధి అంతా కనపడుతుంది. ఎవరు వచ్చారో, ఎవరింటికి వచ్చారో బయటికి పొక్కకూడని వ్యాపారం అది. వడ్రంగి పనితనమంతా ఆ రహస్యాన్ని కాపాడటానికే. ఈ సంగతి తెలిశాక 'అందమైన' అన్న విశేషణం నీకు అవసరం పడదు. బద్ద ఎలా చెక్కారో చెబితే చాలు, పాఠకుడు తనే ఆ కిటికీ ముందు ఆగిపోతాడు.

పాఠకుడికి మొదట్లోనే తేల్చి చెప్పు, ఈ చాయాలు దారిన పోయేవాళ్ళకు టీ పోసిన చోట్లు కావు. పొద్దుగూకాక డబ్బున్న వర్తకులు వచ్చి, గెయిగిల పాట, నాట్యం మధ్య విందు చేసుకున్న ఇళ్ళు. మనం గెయిషా అని విన్న కళాకారిణులనే క్యోటోలో గెయికో అని, ఇక్కడ గెయిగి అని అంటారు. ఎవరైనా తెలిసినవాళ్ళు పరిచయం చేస్తే తప్ప కొత్తవాళ్ళను గడప తొక్కనిచ్చేవారు కాదు. అప్పట్లో కనజావా కాగా సంస్థానానికి రాజధాని, ఏలింది మయేదా వంశం. ఊళ్ళో అక్కడక్కడా చెదిరి ఉన్న చాయాలను 1820లో సంస్థానం రెండు చోట్లకు చేర్చింది. అసానో నది అవతల హిగాషి, సాయి నది అవతల నిషి. రెండూ కోటకు దూరంగా, నది దాటాకే. నువ్వు మెచ్చుకున్న ఆ తిన్నటి వీధి, వరసగా ఒకే ఎత్తులో నిలబడ్డ ఇళ్ళు, అన్నీ ఆ ఏర్పాటులో భాగమే. ఆ వ్యాపారాన్ని ఊళ్ళోంచి తీసి ఒక చోట పెట్టి, కనిపెట్టి ఉండాలనుకున్నారు పాలకులు. 1831లో దాన్ని మూసేశారు కూడా. 1867లో మళ్ళీ తెరిచారు. ఇదంతా చరిత్ర పాఠంలా ఒక పేరాలో కుక్కకు. వంతెన దాటే ఘట్టంలో పెట్టు. నువ్వు దాటిన ఆ నదిని ఆ రోజుల్లో ఎవరు ఎందుకు దాటేవాళ్ళో అక్కడే చెప్పొచ్చు.

ఇక అసలు సంగతి. నువ్వు వీధిలో అన్ని షాపులూ తిరిగావు, షిమా అనే ఇంటికి మాత్రం నాలుగు వాక్యాలే ఇచ్చావు. నేనైతే సగం వ్యాసం ఆ ఇంటికే ఇస్తాను. అది 1820లో కట్టిన చాయా. పెద్ద మార్పులేవీ లేకుండా నిలిచింది. 2003లో జపాన్ ప్రభుత్వం దాన్ని ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. టికెట్ కొనుక్కుని, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి ఎంతసేపైనా చూడొచ్చు. ఆ కాలంలో మామూలు ఊరి ఇళ్ళకు నిండు ఎత్తు మేడ కట్టుకోనిచ్చేవారు కాదు. చాయాలకు ఆ వెసులుబాటు ఉంది, ఎందుకంటే అతిథుల గదులన్నీ పైనే. పైకి వెళ్ళాక ఆ గదుల్లో ఏం ఉందో కాదు, ఏం లేదో చూడు. బీరువా లేదు, పరుపులు సర్దుకునే అర లేదు. కాపురం ఉండే ఇంట్లో తప్పనిసరిగా ఉండేది ఏదీ అక్కడ కనపడదు. గోడలో బొమ్మో పూలో పెట్టే అలంకార గూడును టోకోనోమా అంటారు, అతిథి దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. ఎదురుగా ఇంకో చిన్న గది. మధ్య తలుపులు పక్కకు జరిగితే ఆ చిన్న గదే రంగస్థలం, గెయిగి అక్కడ నిలబడి ఆడుతుంది. తలుపు లాగే పిడి దగ్గర కూడా ఎనామెల్ పని ఉంది, వంగి చూస్తేనే కనపడుతుంది. గోడలు ఎర్రటివి. కరెంటు లేని రోజుల్లో, కొవ్వొత్తి వెలుగులో ఆ ఎరుపు ఎలా ఉండేదో ఊహించి రాయడానికి నీకు హక్కుంది. ఊహ అని తెలిసేలా రాస్తే చాలు.

తర్వాత కిందికి దిగు. చాలామంది పైన ఫొటోలు దిగి, కింద ఒక్క చూపు చూసి వెళ్ళిపోతారు. కింద వంటిల్లు ఉంది, బావి ఉంది, సరుకు చల్లగా ఉండటానికి రాతితో కట్టిన నేలమాళిగ ఉంది. విందు వంటకాలు చాలావరకు బయటినుంచి తెప్పించేవాళ్ళు, ఈ వంటింట్లో జరిగేది చిన్నా చితకా పనే. దువ్వెనలు, జడ పిన్నులు, మూడు తీగల వాద్యం షమిసెన్‌ను మీటే పలకలు అద్దాల పెట్టెల్లో పెట్టారు. ఆ మీటే పలక ముందు కాసేపు నిలబడు. రోజూ గంటల తరబడి ఒకే చేతిలో ఉండే వస్తువు అది. పైన నవ్వులు, పాట. కింద నీళ్ళు తోడే మనిషి, సాకే అనే బియ్యపు సారా వెచ్చబెట్టే మనిషి, తన వంతు కోసం ఎదురుచూసే పిల్ల. వీళ్ళందరినీ నీ వ్యాసంలోకి తీసుకురాగలిగే చోటు ఆ ఒక్క ఇల్లే.

అక్కడికొచ్చిన పిల్లల గురించి కూడా నువ్వు రాయాలి. చాలామంది పేద ఇళ్ళ ఆడపిల్లలు. తల్లిదండ్రులు తీసుకున్న బయానాకు బదులుగా ఏళ్ళ తరబడి ఆ ఇంటికి కట్టుబడి ఉండాల్సి వచ్చేది. 1872లో జపాన్ ప్రభుత్వం ఇలాంటి ఒప్పందాల నుంచి గెయిషాలకు, వేశ్యలకు విముక్తి ప్రకటించింది. కాగితం మీద విముక్తి వచ్చింది కానీ వ్యాపారం లైసెన్సుల పేరుతో సాగుతూనే వచ్చింది. వ్యభిచార నిరోధక చట్టం 1956లో చేసి, 1958 నాటికి పూర్తిగా అమల్లోకి తెచ్చారు. ఇప్పుడు కనజావాలో ఉన్న గెయిగిలు ఇష్టపడి ఈ కళలోకి వచ్చినవాళ్ళు. నాట్యం, షమిసెన్, వేణువు ఏళ్ళ తరబడి నేర్చుకుంటారు. విందులో వాళ్ళు వాయించే ఒజాషికి డైకో డప్పుకు ఆ ఊళ్ళో ప్రత్యేకమైన పేరుంది. ఈ రెండు కాలాలనూ కలిపేస్తే అప్పటివాళ్ళకూ అన్యాయమే, ఇప్పటివాళ్ళకూ అన్యాయమే. నీ వ్యాసంలో 'రహస్య సుందరీమణులు' అని ఒక మాట పడింది. దయచేసి తీసెయ్. తెలుగువాళ్ళం ఈ విషయంలో ఇంకాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. కళావంతుల గురించి మనం ఎంత వెకిలిగా మాట్లాడుకున్నామో నీకు తెలుసు. 1947 మద్రాసు చట్టం దేవదాసీ అంకితాలను ఆపింది. వాళ్ళ దగ్గరున్న అభినయం, సంగీతం విలువ గుర్తించడానికి మాత్రం నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ లాంటివాళ్ళు ఆ వృద్ధ కళాకారిణుల గుమ్మాల దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ చరిత్ర ఉన్న భాషలో రాస్తున్నావు. ఒక్క విశేషణం తూలినా మన పాఠకుడు ఏ వైపు జారతాడో ముందే తెలిసి రాయి.

బంగారు రేకు ఐస్‌క్రీం మీద ఒక పేజీ రాశావు. పూర్తిగా తీసెయ్యమనను, ఫొటో చూసిన ప్రతివాడూ దాని గురించే అడుగుతాడు. కానీ రేకు సంగతి రాయి. జపాన్‌లో తయారయ్యే బంగారు రేకులో దాదాపు అంతా కనజావాదే, 99 శాతం దాకా అంటారు. బంగారంలో కాస్త వెండి, రాగి కలిపి, ప్రత్యేకంగా తయారుచేసిన చేతి కాగితాల మధ్య పెట్టి సాగగొడతారు. మిల్లీమీటరులో పదివేలవ వంతు మందం వచ్చేదాకా. గాలి పొడిగా ఉంటే రేకు అంటుకుపోయి చిరుగుతుంది. నువ్వు విసుక్కున్న ఆ వాన, ఆ తేమే అక్కడి పనివాళ్ళకు కలిసొచ్చాయి. ఇక నాకు బాగా ఇష్టమైన సంగతి. కొట్టి కొట్టి మెత్తబడిన ఆ పాత కాగితాన్ని పారేసేవాళ్ళు కాదు. ముఖం మీద జిడ్డు అద్దుకోవడానికి అంత మంచి కాగితం ఇంకోటి ఉండదు. పౌడరు చెదరకుండా జిడ్డు మాత్రమే తీస్తుంది. నాట్యం మధ్యలో చెమట పట్టిన ఆడవాళ్ళకు అది ఎంత విలువైన వస్తువో ఆలోచించు. ఇప్పటికీ ఆ వీధిలో షాపుల్లో చిన్న చిన్న పుస్తకాల్లా కట్టి అమ్ముతారు. బంగారం గుడులకూ బొమ్మలకూ వెళ్ళింది, కాగితం గెయిగి చేతి సంచిలోకి వెళ్ళింది. ఐస్‌క్రీం కన్నా ఈ కాగితం నీ వ్యాసానికి ఎక్కువ పనికొస్తుంది.

గుమ్మాల పైన వేలాడుతున్న మొక్కజొన్న పొత్తులను నువ్వు చూశావు కానీ 'మన దిష్టి గుమ్మడికాయలాగా' అని ఒక్క ముక్కలో దాటేశావు. పోలిక దొరకగానే చూడటం ఆపేశావన్నమాట. దగ్గర్లో గుట్ట మీద బౌద్ధుల కరుణా దేవత కానన్ ఆలయం ఒకటి ఉంది. పాత చాంద్రమానం ప్రకారం ఏడో నెల తొమ్మిదో రోజున అక్కడికి వెళ్తే 46,000 రోజులు దర్శనం చేసుకున్నంత పుణ్యమని నమ్మకం. ఆ రోజు గుళ్ళో తెచ్చుకున్న పొత్తునే ఏడాది పొడవునా గుమ్మానికి కట్టుకుంటారు. గింజలు నిండుగా ఉన్న పొత్తు కాబట్టి సంతానం, వ్యాపారం నిండుగా ఉండాలని కోరిక. అంటే కీడు రాకుండా ఆపడానికే కాదు, మేలును రమ్మని పిలవడానికి కూడా కట్టింది. ఎండి, ఆకు గోధుమరంగుకు తిరిగిన ఆ పొత్తు కింద నిలబడితే ఇది మ్యూజియం కాదని, ఇంకా వ్యాపారం చేసుకుని బతుకుతున్న మనుషుల వీధి అని నీకే అర్థమవుతుంది.

వేళ గురించి ఒక మాట. నువ్వు పదకొండింటికి వెళ్ళావు. అప్పటికి టూరిస్టు బస్సులు వచ్చేసి ఉంటాయి. 2015 మార్చిలో బుల్లెట్ రైలు షింకాన్‌సెన్ కనజావా దాకా వచ్చినప్పటి నుంచి టోక్యో రెండున్నర గంటల దూరమే అయింది, రద్దీ పెరిగింది. ఇంకోసారి వెళ్ళేటప్పుడు రాత్రి ఆ ఊళ్ళోనే ఉండు. షాపులు తెరవకముందు, గుమ్మం ముందు రాళ్ళు ఊడ్చుకునే వేళకు అక్కడుండాలి. మళ్ళీ చీకటి పడ్డాక రా. పగలు అంతా గొడవగా ఉన్న వీధి అప్పుడు ఖాళీ అవుతుంది, ఒక్కోసారి మేడ మీది గదిలోంచి షమిసెన్ వినపడుతుంది. గెయిగి ఎవరైనా ఎదురైతే ఫొటో కోసం వెంటపడకు, ఆమె పనికి వెళ్తోంది. అద్దెకు తెచ్చుకున్న కిమోనోల్లో తిరిగే టూరిస్టు ఆడపిల్లల్ని గెయిషాలని రాసిన వ్యాసాలు నేను చూశాను. నువ్వు ఆ పొరపాటు చేయలేదు, సంతోషం. టిఫిన్ మర్చిపోయినా గొడుగు మర్చిపోకు అని ఆ ఊళ్ళో ఒక నానుడి. అదీ పాటించు.

అలసిపోతే కూర్చుని కాగా బోచా తాగు. టీ ఆకు కాదు, కాడలు వేయించి కాచేది. మెయిజీ కాలంలో, అంటే 1868 తర్వాతి రోజుల్లో, ఆ ఊళ్ళో మొదలైంది. పక్కనే లక్క గిన్నెలు అమ్మే షాపులుంటాయి. వాటిలో మంచివి ఎక్కువగా వాజిమా అనే ఊరి నుంచి వస్తాయి. 2024 జనవరి 1న నోటో భూకంపం ఆ ఊరిని దెబ్బతీసింది, పాత సంత వీధి మంటల్లో కాలిపోయింది. గిన్నె ఎంత నునుపుగా ఉందో రాసేటప్పుడు, అది ఏ ఊరి చేతుల మీదుగా వచ్చిందో కూడా రాయి. షాపువాళ్ళను అడిగితే చెబుతారు. టోక్యోలో ఇన్నాళ్ళు ఉన్నావు, అడగడానికి నీ జపనీస్ సరిపోతుంది. సిగ్గుపడకు.

జపనీస్ మాటలు ఎన్ని ఉంచాలని అడిగావు. వస్తువు పేరు ఉంచు, దాని పని తెలుగులో చెప్పు. బ్రాకెట్లు వద్దు. తేదీలు ఉంచు, కానీ ఒక వాక్యంలో ఒకటే. ఫొటోలు ఐదు చాలు, వాటిలో రెండైనా ఇంటి లోపలివి ఉండాలి.

రెండో ప్రతి తొందరపడకుండా రాయి. షిమా ఇంట్లో కింది అంతస్తుకు కనీసం ఒక పేజీ ఇచ్చాకే నాకు పంపు. అది లేకుండా వస్తే చదవకుండా తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి