పంచాయితీ తెంపడానికి లా చదవాలా అని అడిగిన పరకాల అన్నకు

పరకాల దగ్గర ఎరువుల షాపు నడుపుకునే ఒక తండ్రి రాసిన మెయిల్ ఇది. పొడవుగా ఉంది, కుదించి చెబుతున్నాను. బిడ్డ ఐదేళ్ల లా కోర్సు చివరి సంవత్సరంలో ఉంది. జడ్జి పరీక్షకు కోచింగ్ పెట్టిద్దామని ఆయన చూస్తుంటే, ఆ అమ్మాయేమో మీడియేటర్, అంటే కోర్టు కేసుల్లో రెండు వైపులనూ మాట్లాడించి రాజీ కుదిర్చే మనిషి, అవుతానంటోంది, నలభై గంటల ఆన్‌లైన్ కోర్సుకు 38 వేలు కట్టమంటోంది. "మేడం, మా ఊళ్లో పెద్దమనుషులు చెట్టు కింద కూర్చుని తెంపే పంచాయితీలకు లా చదువెందుకు? దీంట్లో జీతం ఉంటదా? జడ్జి, గ్రూప్స్, మీడియేటర్, మూడింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. ఆడపిల్ల, రేపు పెళ్లి చేయాలి" అని అడిగారు. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో లైను: "మా తమ్మునితో భూమి కేసు పదకొండేళ్ల నుంచి నడుస్తుంది, మీడియేషన్‌కు పొమ్మని మా బిడ్డే పోరుతుంది, నేను పోలేదు."

అన్నా, ఆ చివరి లైను దగ్గరికి తర్వాత వస్తాను. మీరు దాన్ని ఊరికే రాసినా నేను మాత్రం ఊరికే చదవలేదు.

ముందు చెట్టు కింద పంచాయితీ సంగతి. మీ పెద్దమనుషులు ఏం చేస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. రెండు వైపులా డిపాజిట్ పైసలు పెట్టించుకుంటారు, ఇద్దరి మాటా వింటారు, పక్కకు పోయి గుసగుసలాడుకుని వచ్చి ఫలానావాడిది తప్పు, ఇంత జుర్మానా అంటారు. ఎవరి వెనక పది మంది నిలబడ్డారో వాళ్ల మాట తూగుతుంది. ఓడినవాడు ఆ రోజుకు తలూపి, మర్నాడు పొద్దున్నే వకీలు ఇంటి ముందు ఉంటాడు. కోర్టు మీడియేటర్‌కు తీర్పు చెప్పే అధికారమే లేదు. తప్పెవరిదో చెప్పకూడదు, జుర్మానా వేయకూడదు, ఎవరినీ ఒప్పుకోమని ఒత్తిడి పెట్టకూడదు. మరి చేసేదేంటి అంటే, ఏళ్ల తరబడి వకీళ్ల ద్వారా తప్ప మాట్లాడుకోని ఇద్దరిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి వినడం. ఆ విడి గదిలో చెప్పింది, చెప్పినవాళ్లు సరే అంటే తప్ప, అవతలివాళ్లకు చేరకూడదు. రాజీ కుదరకపోతే కేసు మళ్లీ కోర్టుకే పోతుంది, కానీ మీడియేటర్ జడ్జికి రాసేది "కుదరలేదు" అన్న ఒక్క ముక్కే. ఎవరు మొండికేశారో, ఎవరు ఎంతకు దిగారో రాయరు. అక్కడ నోరు జారి అన్న మాటను రేపు కోర్టులో సాక్ష్యంగా వాడుకోవడానికి వీల్లేదు. మన ఊరి చెట్టు కింద మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది కదా, తేడా అక్కడే మొదలవుతుంది.

ఇది నిన్న మొన్న పుట్టింది కూడా కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 89వ సెక్షన్ 2002 జూలై 1 నుంచి అమల్లో ఉంది, మాట్లాడుకుంటే తెగేలా ఉన్న కేసును జడ్జి మీడియేషన్‌కు పంపొచ్చు. సుప్రీంకోర్టు 2005లో దీనికోసం ఒక కమిటీ వేసింది, నలభై గంటల ట్రైనింగ్ అనేది అక్కడి నుంచి వచ్చిన మాటే. ఎలాంటి కేసులు పంపాలో 2010లో ఇంకో తీర్పులో వివరంగా చెప్పింది: అన్నదమ్ముల పంపకాలు, భార్యాభర్తల గొడవలు, పక్కింటివాళ్ల తగాదాలు, వ్యాపారంలో భాగస్వాముల లెక్కలు. అంటే తీర్పు వచ్చాక కూడా మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సినవాళ్ల కేసులు.

దీనివల్ల జనానికి ఒరిగేదేంటో మీ భూమి కేసులాంటిదే తీసుకుని చెబుతాను. మీ ఇంటి సంగతి నాకు తెలియదు, మామూలుగా జరిగేదే చెబుతున్నా. దావాలో ఏం ఉంటుంది? నాలుగు గుంటలు ఇటా అటా, గెట్టు ఎక్కడ, అంతే. జడ్జిగారు దావాలో అడిగినదాని మీదే తీర్పు ఇవ్వగలరు. అసలు గొడవేమో బోరు ఒకరి వైపు ఉండి నీళ్లు ఇంకొకరికి రాకపోవడం, లేకపోతే అమ్మను ఎవరు ఎన్ని నెలలు చూసుకోవాలన్న లెక్క, ఇంకా తవ్వితే నాయన దినాలప్పుడు అందరి ముందు అన్న ఒక మాట. ఇవేవీ దావాలో ఉండవు, కాబట్టి తీర్పులోనూ ఉండవు. నాలుగు గుంటలు గెలిచినాయన కూడా గెలిచినట్టు కనబడడు, మీరు చూసే ఉంటారు. మీడియేషన్‌లో ఇవన్నీ బల్ల మీదకు వస్తాయి. బోరు మోటరు ఏ రోజు ఎవరిదో, బాటకు ఎన్ని అడుగులు వదలాలో, ఒకరి మీద ఒకరు పెట్టుకున్న మిగతా కేసులు ఎలా ముగించాలో కూడా ఒకే కాగితం మీద రాసుకోవచ్చు. దానిమీద ఇద్దరూ సంతకం చేశాక కోర్టు చూసి డిక్రీ ఇస్తుంది. ఇద్దరి ఒప్పందం మీద వచ్చిన డిక్రీ మీద మామూలు అప్పీలు ఉండదు కాబట్టి, కింది కోర్టు అయ్యాక జిల్లా కోర్టు, అదయ్యాక హైకోర్టు అనే తిరుగుడు అక్కడితో ఆగుతుంది. కోర్టు పంపిన కేసులో మీడియేటర్‌కు పార్టీలు జేబులోంచి ఫీజు ఇవ్వాల్సిన పని కూడా మామూలుగా ఉండదు.

ఇప్పుడు 38 వేల కోర్సు. దీని గురించి నాకు చాలా అనుమానాలున్నాయి, దాచను.

రెండు మూడేళ్లుగా నాకు వచ్చే మెసేజ్‌లలో ఈ రకం కోర్సుల ప్రకటనలు ఎక్కువయ్యాయి. "కొత్త చట్టం వచ్చింది, ఇక ప్రతి కేసూ ముందు మీడియేషన్‌కు పోవాల్సిందే, లక్షల మంది మీడియేటర్లు కావాలి" అని ఉంటుంది వాటిలో. 2021 డిసెంబర్లో రాజ్యసభలో పెట్టిన బిల్లులో కేసు వేయకముందే మీడియేషన్ తప్పనిసరి అని ఉన్న మాట నిజమే. 2023లో చట్టమయ్యేసరికి దాన్ని తీసేసి ఇష్టముంటేనే అని మార్చారు. ఆ చట్టంలో కూడా 2023 అక్టోబర్ 9న అమల్లోకి తెచ్చింది కొన్ని సెక్షన్లనే. దావా వేసేముందు తప్పనిసరి అన్నది వ్యాపార కేసులకు, అదీ 3 లక్షల పైబడినవాటికి, అర్జెంటు ఆర్డరు అడగనప్పుడు మాత్రమే. ప్రకటనలో సగం నిజం ఉంది, మిగతా సగానికి మీ 38 వేలు అడుగుతున్నారు.

ఇంకో సంగతి. కోర్టు మీడియేటర్ల ప్యానెల్లోకి సర్టిఫికెట్ చూసి తీసుకోరు. బార్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు, రిటైరైన జడ్జీలు, వాళ్లకు కోర్టు తరఫునే ట్రైనింగ్ ఇస్తారు. ఇరవై మూడేళ్ల పిల్ల సర్టిఫికెట్ పట్టుకుని హనుమకొండ కోర్టు దగ్గర దిగితే ఎవరూ కేసు చేతిలో పెట్టరు. నా దగ్గరికి ఒక అబ్బాయి ఇలాగే వచ్చాడు, పేరు చివర 'అక్రెడిటెడ్ మీడియేటర్' అని విజిటింగ్ కార్డు కూడా కొట్టించుకున్నాడు. ఏడాదిన్నరలో ఒక్క ఫైలు రాలేదు. ఆ కోర్సు మంచిదేనేమో చూడమని అంతకుముందు అతనికి చెప్పింది నేనే, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కోర్టు మీడియేటర్‌కు నెల జీతం ఉండదన్నా, కేసుకు ఇంత అని గౌరవ వేతనం, అది కూడా ప్రాక్టీసు మీద బతుకుతూ పక్కన చేసే పని. హైదరాబాద్‌లో 2021 డిసెంబర్లో పెట్టిన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ సెంటర్ గురించి కూడా పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని అడుగుతారు. అక్కడికి వచ్చేవి పెద్ద కంపెనీల వ్యవహారాలు. పోకూడదని అనను, పరకాల నుంచి నేరుగా పోయే బస్సు మాత్రం లేదు.

నాకు ఇంకా పెద్ద అనుమానం ఒకటుంది. కుటుంబ కేసుల్లో రాజీ అనే మాట మన దగ్గర చాలాసార్లు "సర్దుకుపో బిడ్డా" అనే మాటకు ముసుగు. భార్యాభర్తల కేసుల్లో రాజీకి అవకాశముంటే క్రిమినల్ కోర్టులు కూడా మీడియేషన్‌కు పంపాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నుంచి పోయిన కేసులోనే. అదే తీర్పులో, దీనివల్ల వేధింపుల సెక్షన్ పదును తగ్గకూడదని కూడా రాసింది. రెండో మాట ఎవరికీ గుర్తుండదు. కొట్టిన మనిషి ఎదురుగా కూర్చుంటే నోరు పెగలని ఆడమనిషిని గమనించి, ఇది మాట్లాడుకుని తెంపే కేసు కాదని ఫైలు వెనక్కి పంపగలిగినవాళ్లే మంచి మీడియేటర్లు. ఆ చూపు నలభై గంటల్లో రాదు. ఫ్యామిలీ కోర్టు వరండాలో ఏళ్లు నిలబడితే వస్తుంది.

ఇంతా చదివి, "చూశావా, మేడం కూడా వద్దంటుంది" అని మీ బిడ్డకు చూపిస్తారేమో, ఆగండి. ఆ కోర్సు వద్దన్నాను, ఆ పని వద్దనలేదు.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెప్పేస్తా. ఈ ఏడాదే జడ్జి పరీక్ష రాయిస్తామంటే కుదరదు. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని మళ్లీ పెట్టింది. కాబట్టి కోచింగ్ ఫీజు ఇప్పుడే కడితే అది కూడా దండగే. గ్రూప్స్ రాస్తానని ఆ అమ్మాయి అనలేదు, మీరంటున్నారు. జడ్జి కావాలన్నా, మీడియేటర్ కావాలన్నా, రేపు ఏదీ కాక మంచి వకీలుగా మిగలాలన్నా మొదటి మూడేళ్లు ఒకటే దారి: బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ కావడం, సివిల్, ఫ్యామిలీ కేసులు చూసే ఒక మంచి సీనియర్ దగ్గర చేరడం. ఆ ఏళ్లలో సంపాదన తక్కువే, పెట్రోలు ఖర్చులు మీరే ఇవ్వాల్సి రావచ్చు, దానికి మీరు సిద్ధపడాలి.

ఈ ఆఖరి ఏడాది ఖాళీగా ఉండనక్కర్లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. పారా లీగల్ వాలంటీర్‌గా లా విద్యార్థులను కూడా తీసుకుంటారు, వెళ్లి అడగమనండి. ఏడాదికి నాలుగు సార్లు జరిగే జాతీయ లోక్ అదాలత్‌లో రోజంతా కూర్చుంటే చెక్ బౌన్స్ కేసులు, యాక్సిడెంట్ క్లెయిములు, చిట్టీల బాకీలు ఎలా తెగుతాయో కళ్లారా చూస్తుంది. లోక్ అదాలత్, మీడియేషన్ ఒకటి కావు, అక్కడ గంటలో తేలేది ఇక్కడ నాలుగు సిట్టింగులు పడుతుంది, కానీ జనం బేరం ఎలా ఆడతారో, ఎక్కడ మెత్తబడతారో అక్కడ తెలుస్తుంది. మీడియేషన్ గదిలో మాత్రం ఊరికే కూర్చుని చూస్తానంటే రానివ్వరు, గోప్యత కాబట్టి. సీనియర్‌తో పాటు పార్టీ తరఫు వకీలుగా పోవాలి. తెలుగులో ఒప్పంద పత్రం తప్పుల్లేకుండా రాయడం కూడా ఇప్పటి నుంచే నేర్చుకోమనండి. మన దగ్గర ఇంగ్లిష్ డ్రాఫ్టింగ్ కోసం కోచింగ్‌కు పోతారు, రైతు చదివి అర్థం చేసుకుని సంతకం పెట్టే కాగితం రాయగలిగినవాళ్లు దొరకరు.

ఇక మీ చివరి లైను. కొంచెం గట్టిగానే అంటాను, చెల్లెలు అన్నదనుకోండి.

కేసు మొదలై పదకొండేళ్లయిందంటే అప్పటికి మీ బిడ్డకు పదకొండో పన్నెండో ఉంటాయి. బాబాయి పిల్లలతో ఆడుకునే వయసు. వాళ్లింటికి పోవద్దని ఆ పిల్లకు మీరే చెప్పి ఉంటారు, దసరాకు జమ్మి ఆకు ఇచ్చుకోవడం కూడా ఆగిపోయి ఉంటుంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల లాలో చేరి, కార్పొరేట్ లా అననూ లేదు, క్రిమినల్ లా అననూ లేదు, రాజీ చేయించే పని నేర్చుకుంటానంటోంది. మీకేమో ప్రకటన చూసి మోజు పడ్డట్టు కనిపించింది. ఆ పిల్ల ఎక్కడి నుంచి మాట్లాడుతోందో మీకు నిజంగా తెలియలేదా? ఈ పనికి విలువుందా అని నన్నడుగుతున్నారు, పదకొండేళ్లు ఇద్దరు వకీళ్లకు కట్టిన ఫీజులు, వాయిదాల రోజు మూసిన షాపు గిరాకీ ఎంతో మీరొకసారి కాగితం మీద కూడండి.

జీతం గురించి మీరు పడే టెన్షన్ నాకర్థమవుతుంది, ఆడపిల్ల తండ్రికి అది ఉంటుంది. కానీ ఎదుటివాళ్ల బాధ వినగలిగి, లా తెలిసి, మన భాషలో మనతో మాట్లాడగలిగే వకీలమ్మ వరంగల్ జిల్లాల్లో పస్తులుండదు. నేను పాతికేళ్లుగా పిల్లలను చూస్తున్నాను, చదువు మధ్యలో ఇంత స్పష్టంగా ఒక పని కావాలని చెప్పేవాళ్లు చాలా తక్కువ. పెళ్లి సంబంధాలకు కూడా 'హనుమకొండ కోర్టులో ప్రాక్టీసు' అంటే చిన్నమాటేం కాదు.

మీ కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది కాబట్టి వచ్చే వాయిదాకు ముందే మీ వకీలుకు ఒక మాట చెప్పండి, మీడియేషన్‌కు పంపమని ఆయన జడ్జిగారిని అడుగుతారు. ఆయన నిరుత్సాహపరిస్తే ఎందుకో అడగండి. ఆ ప్రయత్నానికి ఒక గడువు ఉంటుంది, ఏళ్ల తరబడి సాగదు. కుదరకపోతే మీ కేసు మీకే ఉంటుంది, ఎక్కడికీ పోదు. మీ బిడ్డను మాత్రం ఆ గదిలోకి తీసుకుపోకండి, తన ఇంటి గొడవలో తను మధ్యవర్తి కాలేదు, ఆ సంగతి తనకు మీకన్నా బాగా తెలుసు. తమ్ముడు రానంటే మళ్లీ రాయండి. 38 వేలు ఇంకా కట్టలేదుగా, కట్టకండి.