జర్మన్ యుద్ధ విమానం లోపల ఏ రంగు వేయాలి? పెదనాన్న ఉత్తరం

చిరంజీవి బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు చేస్తున్న నమూనా విమానం ఫోటో చూశాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ మెసెర్‌ష్మిట్ 109 జి-6 కాక్‌పిట్ (పైలట్ కూర్చునే చోటు) పక్కగోడలు ఎక్కడా సందు లేకుండా అతికించావు, కుర్చీ బెల్టులు ముచ్చటగా కుదిరాయి. రంగు మాత్రం మార్చాలి నాయనా. నువ్వు వేసింది ఆర్‌ఎల్‌ఎం 02, ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద రంగు. జి-6 వచ్చింది 1943లో. అప్పటికి ఫైటర్ కాక్‌పిట్లకు 02 పోయి 66 వచ్చేసింది. అది దాదాపు నలుపనిపించే ముదురు బూడిద.

ఆర్‌ఎల్‌ఎం అంటే ఆనాటి జర్మన్ విమానయాన మంత్రిత్వ శాఖ. ఈ అంకెలు ఆ శాఖ రంగులకు ఇచ్చినవే. 1940లో ఇంగ్లండ్ మీదికి వెళ్లిన 109 ఇ రకం విమానాల లోపల 02 ఉండేది. 1941 చివరికల్లా కాక్‌పిట్‌కు 66 అన్నది నియమమైంది. లేత రంగు గోడల మీద పడిన ఎండ పై అద్దంలో మెరిస్తే పైలట్ చూపు చెదురుతుంది, ముదురు రంగుతో ఆ బాధ తగ్గుతుంది. ఇ, జి రకాల మధ్య వచ్చిన ఎఫ్ రకం సరిగ్గా ఈ మార్పు నడుస్తున్న రోజులది. అది చేసేటప్పుడు ఏ నెలలో తయారైన విమానమో తేల్చుకోకుండా సీసా మూత తీయకు. ఇంకో జర్మన్ ఫైటర్ ఫోకె-వుల్ఫ్ 190కి ఈ చిక్కు లేదు, 66 వేసెయ్.

నేను తొలిరోజుల్లో ఒక 109 ఇ చేస్తూ, జి రకం సూచనల కాగితం చూసి లోపలంతా 66 వేశాను. అద్దం అతికించాక గాని తప్పు తెలియలేదు. ఇప్పటికీ అది అల్మారాలో ఉంది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను. ముందు ఏ ఏడాది విమానమో తేల్చుకో, తర్వాతే రంగు.

ఇక 66ను సీసాలో ఉన్నది ఉన్నట్టు వేయకు. 1:48 స్కేలులో, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు కొలతలో, అంత చిన్న గుంతలోకి వెలుతురు దిగదు, నువ్వు చెక్కిన వివరాలన్నీ చీకట్లో కలిసిపోతాయి. పది చుక్కలకు రెండు చుక్కల లేత బూడిద కలుపు. ముందు ఒక ప్లాస్టిక్ చెంచా మీద వేసి, ఆరాక, మెరుపులేని (మ్యాట్) వార్నిష్ కూడా పూసి, పగటిపూట కిటికీ దగ్గర చూడు. ట్యూబ్‌లైటు కింద 02 ఒకలా, ఎండలో ఇంకోలా కనిపిస్తుంది. పైగా ఒక్కో కంపెనీ 02 ఒక్కో తీరుగా ఉంటుంది, కొన్నిటిలో పచ్చదనం మరీ ఎక్కువ. రంగుల కంపెనీ గున్జె వారి హెచ్ 70 (02కి), హెచ్ 416 (66కి) నాకు నచ్చాయి.

కుడివైపు గోడ వెంట పోయే ఇంధన గొట్టానికి పసుపు వేయడం మరిచిపోకు. దాని మధ్యలో చిన్న గాజు ముక్క ఉంటుంది. కడుపు కింద వేలాడే అదనపు ట్యాంకు నుంచి పెట్రోలు వస్తోందో లేదో పైలట్ అందులోంచి చూసుకునేవాడు. అంతమేర పసుపు వదిలేసి, ఒక చుక్క నిగనిగలాడే వార్నిష్ పెడితే చాలు. ఆక్సిజన్ గొట్టాలకు నీలం. నల్లటి గోడల మధ్య ఈ రెండు రంగులే కాక్‌పిట్‌కు ప్రాణం పోస్తాయి.

అద్దం ఫ్రేములకు బయటి నుంచి ముందు 66 వేసి, దాని మీద బయటి రంగు వెయ్యి. లోపలి నుంచి చూస్తే ఫ్రేము 66గానే కనిపిస్తుంది. చక్రాల గుంతలు మాత్రం 02లోనే ఉండాలి. యుద్ధం చివరి నెలల విమానాల్లో అయితే అక్కడక్కడ రంగులేని లోహమే ఉండేది.

పాత నలుపు తెలుపు ఫోటోల్లో 66కీ నలుపుకీ తేడా తెలియదు. మ్యూజియంలో ఉన్న విమానాన్ని కూడా, మరమ్మతుల్లో తిరిగి రంగు వేశారా అని కనుక్కున్నాకే నమ్ము.

వేసిన 02ను గీకక్కర్లేదు. దాని మీదే 66 పలచగా రెండు పూతలు వెయ్యి. అద్దం అప్పుడే అతికించకు. ఆరాక కిటికీ దగ్గర ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

నీ పెదనాన్న