బస్సులు సరిగా లేని పేద కాలనీల్లోనే అల్లర్లు ఎక్కువా?

మీరు అడిగిన సంబంధం ఉంది. కానీ బస్సు రాలేదని ఎవరూ ఊరు తగలబెట్టరు. నేను చూసింది చెబుతాను.

2018లో పారిస్‌కు చదువుకోవడానికి వెళ్లాను. సిటీలో అద్దెలు భరించలేక క్లిషీ-సు-బ్వా అనే శివారు ఊళ్లో, ఒక యానాం కుటుంబం ఇంట్లో గది తీసుకున్నాను. (ఫ్రెంచి పాలన వల్ల యానాం వాళ్లు కొందరికి అక్కడి పౌరసత్వం ఉంది.) పారిస్ 15 కిలోమీటర్లే. కానీ మా ఊరికి రైలు స్టేషన్ లేదు. బస్సులో ల రాన్సీ దాకా వెళ్లి అక్కడ రైలు ఎక్కాలి. క్లాసుకు చేరేసరికి గంటన్నర పట్టేది. తెల్లవారుజాము బస్సు నిండా ఆఫీసులు శుభ్రం చేయడానికి వెళ్లే ఆడవాళ్లే. మా ఇంటి అక్క కూడా అందులోనే వెళ్లేది. బస్సు తప్పితే రైలు తప్పుతుంది, రైలు తప్పితే జీతంలో కోత. ఆ టెన్షన్‌తో ఆమె రాత్రి నిద్ర కూడా సరిగా పోయేది కాదు. దగ్గర్లో ఏదైనా చూసుకోవచ్చు కదా అంటే, "ఇక్కడ పనెక్కడుంది తమ్ముడూ" అంది.

అక్కడి పెద్ద అపార్ట్‌మెంట్లు 1960లలో, పక్కనుంచి హైవే వస్తుందన్న నమ్మకంతో కట్టినవి. హైవే రాలేదు. కొంచెం డబ్బు చేరినవాళ్లు వెళ్లిపోయారు, ఎక్కడా ఇల్లు దొరకనివాళ్లు వచ్చి చేరారు. స్టేషన్ ఉన్న ల రాన్సీ మాత్రం కలిగినవాళ్ల ఊరు. పేదరికమూ దూరమూ ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

2005 అక్టోబర్ 27న ఈ ఊళ్లోనే 15, 17 ఏళ్ల పిల్లలిద్దరు పోలీసులకు భయపడి పరిగెత్తి, కరెంటు సబ్‌స్టేషన్‌లో దాక్కుని, షాక్ కొట్టి చనిపోయారు. మూడు వారాలు దేశమంతా మండింది. నవంబర్ 8న ఎమర్జెన్సీ పెట్టారు. తర్వాత ఊరికి పోలీస్ స్టేషన్ 2010లో వచ్చింది. ట్రామ్ రావడానికి 2019 డిసెంబర్ దాకా పట్టింది. దారిలో ఉన్న ఊళ్ల నుంచి దానికి అభ్యంతరాలు కూడా వచ్చాయి. ఈ రెండు తేదీలూ పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అలాగని రైలు వేస్తే గొడవలు ఆగిపోతాయని చెప్పలేను. 2023 జూన్ 27న పారిస్‌కే మరో శివారు ఊరైన నాంతేర్‌లో ఒక పోలీసు 17 ఏళ్ల కుర్రాడిని కాల్చి చంపాడు. నాంతేర్‌కు మంచి రైలు ఉంది, లా దెఫాన్స్ ఆఫీసు టవర్లు పక్కనే. అయినా అల్లర్లు మొదలైంది అక్కడే. రెండుసార్లూ నిప్పు రాజేసింది పోలీసుల ప్రమేయంతో పోయిన ప్రాణాలే. రవాణా లేకపోవడం, పని లేకపోవడం అప్పటికే పోగుపడి ఉన్న ఎండుగడ్డి.

ఆ వారం ఇంకో శివారు ఊరు క్లామార్‌లో ట్రామ్ తగలబెట్టారు. పారిస్ ప్రాంతమంతటా రాత్రి 9 తర్వాత బస్సులు, ట్రాములు ఆపేశారు. అక్కకు అప్పుడు సాయంత్రం షిఫ్టు. రైలు దిగి గంటసేపు నడిచి ఇంటికొచ్చింది. రెండో రోజు నుంచి నేను స్టేషన్‌కు ఎదురు వెళ్లాను. మాతో పాటు ఆ చీకట్లో నడిచినవాళ్లంతా తెల్లవారుజాము బస్సులో నేను రోజూ చూసే ముఖాలే.