కొత్త టైర్లు వేయించాక మైలేజీ పడిపోయింది, మళ్లీ మార్చాలా?

ప్రశ్న: మా హైబ్రిడ్ కారు కొని మూడేళ్లు, 48 వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్లు నున్నగా అరిగిపోతే పోయిన నెల నాలుగూ మార్పించాం. సైజు అదే, 215/60 ఆర్17. అంతకుముందు లీటరుకు 23 వచ్చేది, ఇప్పుడు డిస్‌ప్లేలో 20 దాటడం లేదు. పెట్రోలు ఆదా చేసే లో రోలింగ్ రెసిస్టెన్స్ టైర్లు వేయించాల్సిందని తమ్ముడు అంటున్నాడు. వీటిని తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అప్పుడే తీసేయకండమ్మా. మీరు పోలుస్తున్నది అరిగిపోయిన టైరుతో. బండి నడుస్తున్నప్పుడు టైరు నేలకు ఆనిన చోట రబ్బరు నొక్కుకుని మళ్లీ లేస్తుంది, ప్రతి చుట్టులోనూ అలా కొంత శక్తి వేడిగా పోతుంది, రబ్బరు మందంగా ఉంటే పోయేదీ ఎక్కువే. అందుకే అరిగిన టైరు తేలిగ్గా దొర్లుతుంది, కొత్తది మొదట్లో కాస్త పెట్రోలు తాగుతుంది. ఇంకోటి, ట్రెడ్ (గాడులుండే పై రబ్బరు) 8 మిల్లీమీటర్ల నుంచి 2కి అరిగితే చక్రం వ్యాసం 12 తగ్గుతుంది. మీ సైజులో వ్యాసం 690 దాకా ఉంటుంది కాబట్టి పాత టైర్ల మీద మీటరు 1.7 శాతం దూరం ఎక్కువ చూపించింది. అంటే మీ 23లో 0.4 అసలు నడవని దూరమే.

మిగతా తేడాకి ముందు గాలి చూడండి. పొద్దున బండి తీయకముందు, డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఎంత రాసుంటే అంత ఉండాలి. నాలుగు టైర్లలోనూ గాలి ఒత్తిడి ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. చిన్నదే, కానీ చక్రాల అలైన్‌మెంట్ కూడా తేడాగా ఉంటే రెండూ కలిసి తినేస్తాయి, టైర్లూ పాడవుతాయి. డిస్‌ప్లేని నమ్మకుండా రెండుసార్లు ఫుల్ ట్యాంక్ కొట్టించి లెక్క వేయండి.

మీ తమ్ముడు చెప్పిందీ నిజమే. కంపెనీ నుంచి బండితో వచ్చే టైర్లు మైలేజీ కోసమే ఎంచినవి, షాపులో అదే సైజు అడిగితే అదే రబ్బరు రావాలని లేదు. మన దగ్గర కొన్ని టైర్లకు బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ ఉంది, ఈసారి అది అడగండి. రోలింగ్ రెసిస్టెన్స్, అంటే టైరు దొర్లడానికి ఎదురయ్యే అడ్డు, 10 శాతం తగ్గితే ఇంధనం 1 నుంచి 2 శాతం మిగులుతుంది. 20 శాతం మంచి టైరు దొరికి 3 శాతం ఆదా అయిందనుకుందాం, లీటరుకు 21 లెక్కన 40 వేల కిలోమీటర్లకి 57 లీటర్లు, లీటరు 108 చొప్పున 6 వేలు. కాబట్టి టైరుకి వెయ్యి, పదిహేను వందలు ఎక్కువైనా తీసుకోవచ్చు, కానీ కొత్త టైర్లు పారేసి మరీ కొంటే ఆ డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు.

మైలేజీ ఒక్కటే చూసి కొనకండి, తడి రోడ్డు మీద గ్రిప్ ఎలా ఉందో తప్పకుండా అడగండి. వానలో విజయవాడ హైవే మీద ముందు లారీ సడన్‌గా ఆగితే అక్కరకొచ్చేది అదే. సైజు వెడల్పు చేయొద్దు, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) తగ్గించొద్దు.

మీ బండికి ముందు చక్రాలే లాగుతాయి, బ్రేక్ నొక్కినప్పుడు బ్యాటరీ చార్జయ్యేదీ వాటితోనే, కాబట్టి అవి ముందు అరుగుతాయి. 8, 10 వేలకోసారి ముందువి వెనక్కి మార్పించండి. ఈసారి బండితో వచ్చిన టైర్లే కావాలనుకుంటే, వాటి పేరు గుర్తులేకపోతే, కారు కొన్నరోజు షోరూంలో దిగిన ఫొటోలు జూమ్ చేసి చూడండి, టైరు పక్కన అక్షరాలు కనిపిస్తాయేమో.