తలగడ కింద రొట్టెముక్క

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. నాగపూర్ వైపు దత్తత సంస్థ నుంచి నాలుగేళ్ల పాపను తెచ్చుకుని ఐదు వారాలైంది. పాపకు మరాఠీ తప్ప రాదు. కడుపు నిండా తిన్నాక కూడా రొట్టెముక్కలు తలగడ కింద దాస్తోంది. అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది, ఏడవదు. నన్ను 'మావశీ' అంటుంది. కింది వాటా ఒడియా ఆవిడ దగ్గరికి మాత్రం పిలవకుండానే పరిగెడుతుంది. మా ఆయన ఎత్తుకుంటే ఊరుకుంటుంది, నేనెత్తుకుంటే బిగుసుకుపోతుంది. అత్తగారేమో వచ్చే నెల సింహాచలంలో తలనీలాలు, ఆ తర్వాత రెండొందల మందికి భోజనాలు అంటున్నారు. నాకింకా పాప మీద ప్రేమ పుట్టలేదేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ 'మావశీ' సంగతి చూద్దాం. మరాఠీలో మావశీ అంటే పిన్ని. పిల్లల సంస్థల్లో ఆయాలనూ అలాగే పిలుస్తుంటారు. పొద్దుటి మావశీ సాయంత్రం వెళ్లిపోతుంది, రాత్రికి ఇంకొకామె వస్తుంది. పాప లెక్కలో ఆడమనిషంటే అన్నం పెట్టి, స్నానం చేయించి, డ్యూటీ దిగిపోయే మనిషి. మీరెప్పుడు దిగిపోతారా అని చూస్తూ ఉండవచ్చు. మీ ఆయన దగ్గర ఆ బెంగ లేదు.

ఇక కింది వాటా ఆవిడ. ఒడియాలోనూ పిన్ని 'మాఉసీ'యే. నీళ్లు పాణి, అన్నం భాత, పాలు దుధ. మరాఠీలోనూ ఇంచుమించు అవే. మన నీళ్లు, అన్నం, పాలు ఆ చెవికి ఒక్కటీ అందవు. అర్థమయ్యే మాట ఎక్కడ వినబడితే అక్కడికి పోతోంది, అంతే. ఆవిడతో స్నేహం మానొద్దు. కానీ మూడు నెలల పాటు తిండి పెట్టడం, ఎత్తుకోవడం, దెబ్బ తగిలితే ఊరుకోబెట్టడం అమ్మానాన్నల పనేనని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. ఎవరు చెయ్యి చాపితే వాళ్ల దగ్గరికి వెళ్లడం చలాకీతనం కాదు, తన మనుషులెవరో ఇంకా తేలలేదని గుర్తు.

మావశీ అంటే దిద్దకండి. పలకండి, పలికి 'అమ్మ వచ్చింది' అనండి. పాణీ, భూక్ (ఆకలి), నకో (వద్దు), ఝోప్ (నిద్ర), షూ (మూత్రం) లాంటివి ఇరవై మాటలు మీరు నేర్చుకోండి. మరాఠీ మాట ముందు, తెలుగు మాట వెంటనే. కొన్ని నెలలు నోరు మెదపకుండా వింటూ ఉన్నా కంగారు లేదు. కానీ వెనక గిన్నె పడ్డా తిరిగి చూడకపోతే దాన్ని భాష కింద జమ కట్టకండి, చెవి పరీక్ష చేయించండి. పేరు మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడు వద్దు. తన వెంట వచ్చినవాటిలో మిగిలింది ఆ పేరే.

రొట్టె దాచడం దొంగతనం కాదు. వేళకు గంట కొడితే తప్ప తిండి కనబడని చోట పెరిగిన పిల్ల రేపటికి పెట్టుకుంటోంది. మూత తేలిగ్గా వచ్చే డబ్బా ఒకటి కొని, పాప చేతికందే ఎత్తులో పెట్టండి. అందులో రెండు బిస్కెట్లు, ఒక అరటిపండు, గుప్పెడు మరమరాలు. వేరుసెనగ గింజలు వద్దు, ఈ వయసులో గొంతుకు అడ్డం పడతాయి. రోజూ పడుకునే ముందు పాప చూస్తుండగా మీ చేత్తోనే నింపండి. చాలా ఇళ్లలో ఇక్కడే చెడుతుంది: అన్నం తినలేదని డబ్బా దాచేస్తారు, లేదా 'ఇన్ని తిన్నావా' అని లెక్క పెడతారు. ఒక్కసారి అది ఖాళీగా కనబడితే ముక్కలు మళ్లీ తలగడ కిందకే వెళ్తాయి. అలవాటు తగ్గడానికి నెలలు పట్టొచ్చు. జ్వరమొచ్చినా, ఊరు వెళ్లినా తిరిగి మొదలవుతుంది.

కడుపు నిండినా ఆపకుండా తింటుంటే చిన్న పళ్లెంలో రోజుకు ఐదుసార్లు పెట్టండి, మళ్లీ ఎప్పుడో చెప్పండి. చింతపండు, తాలింపు, ఆవకాయ ఇప్పుడే రుచి చూపించక్కర్లేదు. కందిపప్పు మెత్తగా ఉడికించి పసుపు, ఉప్పు, చిటికెడు బెల్లం, నెయ్యి వేస్తే మరాఠీ వాళ్ల వరణ్ అవుతుంది. అది అన్నంలో కలిపి పెట్టండి.

రాత్రిళ్లు వేరే గది వద్దు. వరసగా మంచాలు, వెలుగుతున్న లైటు, పక్కన పిల్లల ఊపిరి మధ్య నిద్రపోయిన పిల్లకు చీకటి గది నరకం. మీ చేతికందే దూరంలో పక్క వేసి జీరో బల్బు ఉంచండి. ఏడవకుండా కూర్చుంటోందన్నారే, ఏడిస్తే ఎవరూ రారని నేర్చుకున్న పిల్లలూ అలాగే కూర్చుంటారు. మీరే లేచి వీపు మీద చెయ్యి వేసి, 'అమ్మ ఇక్కడే ఉంది' అనండి, అంతకు మించి మాటలొద్దు. సంస్థ నుంచి తెచ్చిన గౌనును కొన్నాళ్లు ఉతక్కుండా పక్కలో ఉంచండి, వాసన మనకు నచ్చకపోయినా.

బిగుసుకుపోయే పిల్లను ముందునుంచి వాటేసుకోవద్దు. రోజూ ఒకే వేళకు పీట మీద కూర్చోబెట్టి, మీరు వెనక కూర్చుని, పది నిమిషాలు తలకు కొబ్బరినూనె రాయండి. కళ్లలో కళ్లు పెట్టి చూడక్కర్లేకుండా మీ చెయ్యి అలవాటవుతుంది. అన్నం, స్నానం, నిద్ర మీ చేతి మీదే జరగాలి. ఈ మూడింటిలో మీ ఆయన కొన్నాళ్లు వెనక్కు తగ్గాలి.

ఆ తలకే తలనీలాలంటున్నారు అత్తగారు. జుట్టు తీయించడం మనకు మొక్కు. పాపకు మాత్రం తెలియని చోట, తెలియని మనిషి, కత్తి. ఏడాది ఆగండి, అప్పన్న ఎక్కడికీ పోడు. రెండొందల మంది భోజనాలూ అంతే. ఆవిడను ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: 'అల్లరి చేస్తే తిరిగి పంపించేస్తాం' అన్న మాట ఈ ఇంట్లో ఎవరూ నవ్వులాటకైనా అనకూడదు.

ఈ నెలలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. హిమోగ్లోబిన్ (ఈ వయసుకు 11 గ్రాముల కంటే తగ్గకూడదు), సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు), హెపటైటిస్ బి పరీక్షలు, టీకాల కార్డు. ఆరు నెలల్లో నులిపురుగుల మందు పడకపోతే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్క డోసు చాలు, అదీ డాక్టరును అడిగే.

కాగితాల విషయం చిన్నదే. 2022 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు, అదీ సంస్థ ఉన్న జిల్లాలో. కాబట్టి మీ గంజాం కలెక్టరాఫీసు చుట్టూ తిరగొద్దు. ఉత్తర్వు వచ్చాక మీ పేర్లతో జనన ధ్రువపత్రం వస్తుంది. అప్పటిదాకా సంస్థ ఇచ్చిన చైల్డ్ స్టడీ రిపోర్టు (పాప వివరాలు రాసిన కాగితం), మెడికల్ రిపోర్టు ఒక ఫైల్లో భద్రంగా ఉంచండి.

ప్రేమ పుట్టలేదన్నారు. ఐదు వారాల్లో పుట్టకపోవడం సర్వసాధారణం. చేతులు పని చేస్తుంటే అది వెనకే వస్తుంది. కానీ రెండు వారాలుగా నిద్ర, ఆకలి లేక ఏడుపొస్తుంటే అది వేరే సంగతి. 14416కు, అంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కరు ఇంటికి వస్తారు. అది పరీక్ష కాదు. వచ్చినప్పుడు ఆ బిస్కెట్ల డబ్బా సర్దేయకండి, చూపించి రాత్రిళ్ల సంగతి కూడా చెప్పండి.