పేర్లు గుర్తురావడం లేదు... అల్జీమర్సేనా?

ప్రశ్న: నా వయసు 67. ఏడాదిన్నరగా బాగా తెలిసినవాళ్ల పేర్లు కూడా నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. గదిలోకి ఎందుకు వెళ్లానో గుర్తుండదు. నోటిలెక్కల్లో తడబడుతున్నాను. ఇంట్లోవాళ్లు ‘వయసు కదా’ అంటున్నారు. మా అమ్మకు చివర్లో మతిమరుపు జబ్బు వచ్చింది, అందుకే బెంగగా ఉంది. పన్నెండేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, చాలాకాలంగా పొద్దున్నే గ్యాస్ మాత్ర, రాత్రి నిద్రకు అల్ప్రాజోలామ్ వేసుకుంటున్నాను. మెదడు స్కానింగ్ చేయించుకోవాలా?
– ఓ పాఠకుడు, నల్గొండ

జవాబు: మీ మందుల వరస చూశాక, స్కానింగ్ కన్నా ముందు వాటి సంగతి తేల్చాలనిపిస్తోంది.

పరీక్ష చేస్తే జ్ఞాపకశక్తి మామూలుగానే ఉన్నా, మునుపటిలా లేదని మనిషికి తనంతట తనకే అనిపించే స్థితిని ‘సబ్జెక్టివ్ కాగ్నిటివ్ డిక్లైన్’ అంటాం. ఇది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) కాదు. ఇలా అనిపించేవాళ్లలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు. అయితే అనిపించనివాళ్లతో పోలిస్తే ముప్పు సుమారు రెట్టింపు కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు. 60 దాటాక మొదలవడం, గత ఐదేళ్లలోపే మొదలవడం, దాని గురించి బెంగ ఉండటం, ఇంట్లోవాళ్లూ గమనించడం... ఇవి ఉంటే మరికాస్త జాగ్రత్తగా చూస్తాం. మొదటి మూడూ మీకున్నాయి. నాలుగోదే తేలాలి. మీవాళ్లు ‘వయసు కదా’ అన్నది మీకు ధైర్యం చెప్పడానికా, నిజంగా తేడా కనిపించా? సూటిగా అడగండి. గంటలోపే అదే ప్రశ్న మళ్లీ వేస్తున్నారా? కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారా? మాత్ర వేసుకుని మళ్లీ వేసుకున్నారా? రోజూ వెళ్లే దారిలో తికమకపడ్డారా? పేరు కాసేపటికి గుర్తొస్తే, అది వెతికి బయటికి తీయడంలో జరిగిన ఆలస్యం. వయసుతో అందరికీ అంతో ఇంతో ఉంటుంది. నిన్న పెళ్లికి వెళ్లొచ్చిన సంగతే, గుర్తుచేసినా గుర్తురాకపోతే మాత్రం ఆందోళన పడాలి.

ఇక మందులు. అల్ప్రాజోలామ్ కొత్త విషయం మెదడులో నమోదు కాకుండా అడ్డుపడుతుంది, మర్నాడు మందకొడితనం మిగులుస్తుంది. ఈ వయసులో పడిపోయే ప్రమాదాన్నీ పెంచుతుంది. అలాగని ఇవాళే మానేయకండి. ఉన్నట్టుండి ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడి వారాలు, నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. జలుబుకు, దురదకు వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్ లాంటి మాత్రలు, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికిచ్చే ఆక్సీబ్యుటినిన్ కూడా మతిని మందగింపజేస్తాయి. అందుకే సంప్రదింపునకు చీటీలు కాదు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే, నరాలకూ జ్ఞాపకశక్తికీ అవసరమైన విటమిన్ బీ12ను పేగులు సరిగా పీల్చుకోవు. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆహారంలోని బీ12 విడివడటానికి ఆ ఆమ్లమే కావాలి. మీకు రెండూ ఉన్నాయి, శాకాహారులైతే మూడోదీ తోడవుతుంది. హిమోగ్లోబిన్ బాగున్నంత మాత్రాన బీ12 బాగున్నట్టు కాదు. అరికాళ్ల తిమ్మిరిని షుగర్ ఖాతాలో వేసి ఈ లోపాన్ని వదిలేయడం తరచూ జరుగుతోంది. బీ12 పరీక్ష చేయించండి. దానికి రక్తం ఇచ్చాకే బీకాంప్లెక్స్ మొదలుపెట్టండి, ముందే వేసుకుంటే ఫలితం మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. మిల్లీలీటరు రక్తంలో బీ12 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే లోపమే. 200–300 మధ్య ఉంటే, బీ12 తగ్గినప్పుడు రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ లేదా మిథైల్ మలోనిక్ యాసిడ్ చూసి తేలుస్తారు. లోపముంటే రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్రలు, లేదా డాక్టరు నిర్ణయించిన వరసలో ఇంజెక్షన్లు. బీ12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రమే వాడకూడదు, రక్తహీనత తగ్గినట్టు కనిపించి లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

దీంతోపాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చేయించండి. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు కూడా వాడుతుంటే షుగర్ పడిపోయే వేళల్లో తికమక వస్తుంది. గురక, పగలు కునుకు ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉందేమో చూడాలి. దిగులును, వినికిడిని కూడా పరీక్షించాలి. చెవికి సరిగా చేరని మాట గుర్తుండే అవకాశమే లేదు.

జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే జరగాలి. హైదరాబాద్ నిమ్స్‌లో తెలుగుకు అనువుగా మలచిన అడెన్‌బ్రూక్స్ పరీక్ష ఉంది, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరీక్షల్లోనూ తెలుగు ఉంది. మార్కులను చదువును బట్టి బేరీజు వేస్తారు. ఇందులో తేడా తేలితేనో, నాడీ లక్షణాలుంటేనో ఎంఆర్ఐ. ఊరికే తీయిస్తే వయసుతో వచ్చే చిన్న తెల్లమచ్చలు కనిపించి లేనిపోని భయం పట్టుకుంటుంది. అల్జీమర్స్ రక్త పరీక్షలు కూడా, పరీక్షలో లోపం తేలనివారికి ఇప్పుడు అవసరం లేదు. జ్ఞాపకశక్తికని అమ్మే జింకో బిళ్లలు డిమెన్షియాను ఆపవని పెద్ద పరిశోధనలోనే తేలింది. పైగా ఆస్పిరిన్ లాంటివి వాడేవారికి రక్తస్రావం ముప్పు పెంచవచ్చు. ఆ డబ్బు వినికిడి యంత్రానికో, నడక బూట్లకో పెట్టండి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, బీపీ అదుపు, నలుగురితో కలిసి కబుర్లు... ఇవి ఖరీదు లేని మందులే.

అన్నీ మామూలుగా ఉంటే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు అదే పరీక్ష మళ్లీ చేయించి పోల్చుకోండి. ఈలోగా అకస్మాత్తుగా తికమక, మాట తడబాటు, మూతి వంకర వస్తే గంటలు లెక్కపెట్టుకుంటూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు తలనొప్పి, మగత మొదలైనా ఆలస్యం చేయొద్దు. నడక తడబడుతూ మూత్రం అదుపు తప్పుతుంటే న్యూరాలజిస్టును త్వరగా కలవండి, ఆపరేషన్‌తో కుదుటపడే కారణం ఒకటి అందులో దాగి ఉండవచ్చు.